బంతాట నుంచి పరీక్ష గది దాకా

మైదానంలో కోన్‌లు నిలబెడతారు. ఒక్కో కోన్ ఒక్కో ప్రమాదం: కండోమ్ లేని సెక్స్, వయసులో చాలా పెద్దవాడైన భాగస్వామి. అమ్మాయి బంతిని తన్నుకుంటూ వాటి మధ్య నుంచి వెళ్లాలి. కోన్‌కు తగిలితే మొదటిసారి ఆమే పుషప్‌లు తీయాలి, తర్వాత స్నేహితురాలు, చివరికి జట్టంతా. ఒకరికి హెచ్‌ఐవీ వస్తే ఆ బరువు ఎంతమంది మీద పడుతుందో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. (తప్పుకు శిక్ష అన్నట్టుండే ఈ పద్ధతి నాకు పూర్తిగా నచ్చదు.) ఇది 2002లో జింబాబ్వేలో పుట్టిన గ్రాస్‌రూట్ సాకర్ సంస్థ ఆట. నేర్పేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన స్థానిక యువత. అందుకే నెలసరి గురించి, మందుల గురించి అడగడానికి పిల్లలు అంతగా జంకరు.

ఆ సంస్థ పనిచేసే దక్షిణాఫ్రికాలో 12 ఏళ్లు నిండిన పిల్ల తన సమ్మతితోనే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవచ్చు. ఆటలో వచ్చిన ధైర్యం అక్కడ నేరుగా క్లినిక్‌కు చేరుతుంది.

మన దగ్గర నాజ్ ఫౌండేషన్ 2006లో ఢిల్లీలో నెట్‌బాల్‌తో ఇలాంటి పని మొదలుపెట్టింది. కానీ ఇక్కడ 18 నిండని పిల్ల పరీక్షకు తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. హింసించింది ఇంటి మనిషే అయితే, ఆ పిల్ల ఎవరి సంతకం తేవాలి?