నల్లగొండ యెముకను చదువగల యంత్రము

సూర్యాపేట నుండి ఖమ్మము పోవు దారిలోని మోతె మండలమున నాట్లు వేయు స్త్రీ యొకతె, తెల్లవారి లేవగానే వ్రేళ్ళు ముడువలేక, గంటసేపటికి గాని చేయి సాగక, ఆ బాధను పనిబడలిక యని తలచి, ఊరి ఆర్.ఎం.పీ. యిచ్చు నొప్పుల గోళీలతో నెలలు గడుపుట వింత కాదు. ఆ బిగువు, దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే కీళ్ళలోని పలుచని పొరపై తిరుగబడుటచే కలిగినదైనచో, అది కీళ్ళవాతము. మొదటి నెలలలోనే తగిన మందు పడినచో కీలు నిలుచును, ఆలసించినచో ఎముక అరిగి వ్రేళ్ళు వంకరపోవును.

ఈ వ్యాధి నిపుణులు హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో నుండుటచే, మోతె రోగికి వెళ్ళిన ప్రతిసారి కూలి పోవును, బస్సు ఖర్చు తగులును. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఈ-సంజీవని వంటి దూరవైద్యసేవలు ఈ శ్రమను కొంత తగ్గింపగలవు. కొంతయే, ఏలయన ఉబ్బిన కీలును వ్రేలితో నొక్కి చూడవలసినదే గాని తెరపై చూచి నిర్ణయించుట కష్టము. మొదటి పరీక్ష నేరుగా జరిగిన పిమ్మట, ఉదయపు బిగువు ఎంతసేపున్నదో రోగి ఫోనులో తెలుపగా, రక్తపరీక్షల ఫలితములు రోగి యొక్క 14 అంకెల ఆభా ఆరోగ్యసంఖ్యకు చేరగా, నిపుణుడు మందు మోతాదు మార్చవచ్చును.

నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది అతిసామాన్యమైన సాధనము. మెథోట్రెక్సేట్ అను మందును కీళ్ళవాతమునకు వారమున కొక్కనాడే మ్రింగవలెను. పొరపాటున దినదినము మ్రింగినచో నోరు పుండ్లుపడి, ఎముకమజ్జలో రక్తకణముల పుట్టుక తగ్గి, ప్రాణమునకే ముప్పు. చదువురాని వృద్ధురాలికి ఆ నాడు మాత్రమే తెలుగులో పలికి గుర్తుచేయు ఫోను ఎంతటి మేలు!

ఎక్స్‌రేను చదివి కీళ్ళ అరుగుదలను కొలుచు కృత్రిమమేధయు వచ్చుచున్నది. దాని విషయమున మన సీమకు ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి కలదు. 2016 వఱకు మోతె, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు ఒకే నల్లగొండ జిల్లాలోనివి. ఫ్లోరైడు నీటికి ఆ జిల్లా పేరుమోసినది. మన దేశమున 1937లో నెల్లూరు జిల్లా రోగుల యందు వైద్యులు వర్ణించిన ఫ్లోరైడు ఎముకవ్యాధిలో, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మిక్కిలి మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగుటచే, ఎముక దట్టమై, స్నాయువులు గట్టిపడి, వెన్ను కఱ్ఱవలె బిగియును. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అను వాతవ్యాధియు పైకి అట్లే కానవచ్చును. ముంజేతి రెండెముకల నడిమి పొర గట్టిపడుట ఫ్లోరైడు గుర్తు. నడుము క్రింది కీళ్ళు వాచి అరుగుట వాతపు గుర్తు. ఫ్లోరైడు నెరుగని సీమల బొమ్మలతోనే శిక్షణ పొందిన యంత్రమునకు ఈ భేదము ఎట్లు తెలియును? మిషన్ భగీరథ త్రాగునీటి పథకము నదీజలమును తెచ్చినను, అంతకు ముందు ఎముకలో చేరినది త్వరగా పోదు.

కావున 2019లో సూర్యాపేటకు వచ్చిన ప్రభుత్వ వైద్యకళాశాలయు, కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రులును తీయు ఎక్స్‌రేలు, రోగి సమ్మతితో, పేరు తొలగించి, ఆ శిక్షణలో చేరవలెను. ప్రతి బొమ్మ ప్రక్కన ఆ రోగి ఏ యూరి నీరు ఎన్నేండ్లు త్రాగినదియు వ్రాసి యుంచవలెను.