చిప్పుల రచనను పాఠముగా మలచిన లిన్ కాన్వే

గోటి పరిమాణము గల సిలికాన్ తునకపై నేడు వందల కోట్ల ట్రాన్సిస్టరులు ఇముడుతున్నవి. ఇట్టి తునకనే చిప్పు అంటున్నాము. ట్రాన్సిస్టరును కనిపెట్టిన వారి పేర్లు పాఠ్యపుస్తకములలో కలవు. కాని ఇన్ని ట్రాన్సిస్టరులలో దేనిని ఎక్కడ ఉంచవలెను, దేనిని దేనితో కలుపవలెను అనునది నిర్ణయించుట వేరొక విద్య. ఒకప్పుడు అది కొద్ది కంపెనీలలో కొద్దిమంది నిపుణులకు మాత్రమే తెలిసిన విద్య. దానిని సామాన్య విద్యార్థి ఒక్క టర్ములో నేర్చుకొనగల పాఠముగా మార్చిన వారు ఇద్దరు. ఒకరు కాలిఫోర్నియాలోని కాల్టెక్ ఆచార్యుడు కార్వర్ మీడ్. రెండవవారు లిన్ కాన్వే అను కంప్యూటర్ ఇంజనీరు. మీడ్ పేరు త్వరలోనే లోకమునకు తెలిసినది. కాన్వే చేసిన పనికి తగిన గుర్తింపు వచ్చుటకు చాలాకాలము పట్టినది.

బాల్యము, విద్య

కాన్వే 1938 జనవరి 2వ తేదీన అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రములోని మౌంట్ వెర్నన్ అను ఊరిలో పుట్టినది. గణితము, విజ్ఞానశాస్త్రములయందు చిన్ననాటినుండి ఆసక్తి మెండు. పుట్టినప్పుడు ఆమెను మగబిడ్డగా వ్రాసుకొన్నారు; అట్లే పెంచినారు. కాని తాను స్త్రీననే భావము చిన్నతనము నుండి ఆమె మనసులో బలముగా ఉన్నది. 1955లో యం.ఐ.టి.లో చేరి చదువు పూర్తి కాకుండగనే విడిచిపెట్టవలసి వచ్చినది. కొన్ని సంవత్సరముల తరువాత కొలంబియా విశ్వవిద్యాలయములో చేరి 1962లో పట్టమును, 1963లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్ పట్టమును పొందినది. 1964లో ఐ.బి.యం. పరిశోధనశాల ఆమెను తీసుకొన్నది. అత్యంత వేగముగా పనిచేయు ఒక పెద్ద కంప్యూటరును ఆ సంస్థ అప్పుడు తలపెట్టినది. ఆ బృందములో కాన్వేకు స్థానము లభించినది.

వరుస తప్పినా తప్పు రాని ఆదేశములు

కంప్యూటరు తనకిచ్చిన ఆదేశములను ఒకదాని తరువాత ఒకటిగా నెరవేరుస్తుందని మనము విద్యార్థులకు చెపుతాము. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఈ నాలుగు ఆదేశములను చూడండి.

1. జ్ఞాపకశాలనుండి ఒక సంఖ్యను తెచ్చి ‘క’లో ఉంచు.
2. ‘క’కు 5 కలిపి ‘ఖ’లో ఉంచు.
3. ‘చ’ను ‘ట’తో హెచ్చించి ‘గ’లో ఉంచు.
4. ‘గ’నుండి 2 తీసివేసి ‘ఘ’లో ఉంచు.

జ్ఞాపకశాలనుండి సంఖ్య వచ్చుటకు ఆలస్యమగును. అది వచ్చువరకు రెండవ ఆదేశము ఆగక తప్పదు. కాని మూడవదానికి ‘క’తో సంబంధమే లేదు. అది ఎందుకు ఆగవలెను? పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా ఇల్లాలు చేతులు కట్టుకొని కూర్చుండదు. ఈలోగా కూర తరుగుతుంది, చింతపండు పిసుకుతుంది. పోపు మాత్రము పప్పు ఉడికిన తరువాతనే పెడుతుంది. ఏది దేనికొరకు ఆగవలెనో, ఏది ఆగనక్కరలేదో ఆమెకు తెలియును.

ఈ తెలివిని యంత్రమునకే కల్పించుట ఎట్లు? 1966లో కాన్వే, ఆమె సహచరులు దీనికొక పద్ధతిని వ్రాసిపెట్టినారు. రాబోవు కొన్ని ఆదేశములను యంత్రము ఒక వరుసలో నిలుపుకొంటుంది. ఒక్కొక్క ఆదేశము ఏ అరలనుండి సంఖ్యలను తీసుకొంటుందో, ఏ అరలో ఫలితమును ఉంచుతుందో గుర్తు పెట్టుకొంటుంది. ప్రతి గడియారపు టిక్కుకు, తనకు ముందున్న పూర్తికాని ఆదేశములతో ఢీకొననివాటిని అన్నిటిని ఒక్కసారే పనిలోకి వదలుతుంది. మన ఉదాహరణలో 1, 3 ఆదేశములు కలిసి బయలుదేరును. 2, 4 వాటి ఫలితముల కొరకు వేచియుండును. ఆదేశములను వరుస మార్చి నడుపుట అదే కాలములో మరికొందరు గూడ ప్రయత్నించినారు. ఒకే టిక్కులో పలు ఆదేశములను ఇట్లు వదలుట కాన్వే పద్ధతిలోని విశేషము. నేటి వేగవంతమైన ప్రాసెసరులన్నియు ఇట్టి సూత్రముపైననే నడుచుచున్నవి.

పేరు లేని కాలము

1968లో కాన్వే వైద్యసహాయముతో స్త్రీగా మారి జీవింప నిశ్చయించినది. ఈ సంగతి తెలిసి ఐ.బి.యం. ఆమెను ఉద్యోగమునుండి తొలగించినది. ఆమె కుటుంబమునకు గూడ దూరమైనది. మరుసటి సంవత్సరము ఆ పెద్ద కంప్యూటరు నిర్మాణమునే సంస్థ విరమించినది. బృందము చేసిన పని కాగితములలోనే ఉండిపోయినది. తాను చేసిన పనిని తనదని చెప్పుకొనుటకు కాన్వేకు వీలు లేదు. చెప్పుకొన్నచో వెనుకటి జీవితము బయటపడును. అందువలన కొత్త పేరుతో, పాత అనుభవమును చూపకుండ, ఒప్పందముపై పనిచేయు ప్రోగ్రామరుగా ఆమె జీవితమును మరల మొదలుపెట్టినది. కొద్దికాలములోనే మెమొరెక్స్ కంపెనీలో కంప్యూటర్ నిర్మాణశిల్పిగా ఎదిగినది. 1973లో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో చేరినది. ఇక్కడనే ఆమె జీవితములోని రెండవ గొప్ప పని జరిగినది.

చుక్కల ముగ్గు

1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పుపై సుమారు 2,300 ట్రాన్సిస్టరులుండెను. 1978లో వచ్చిన 8086 చిప్పుపై సుమారు 29,000. సంఖ్య ఇట్లు పెరుగుచుండగా చిప్పును రచించుట నానాటికి దుర్భరమైనది. ఒక్కొక్క కర్మాగారమునకు తన సొంత నియమములు: ఏ గీత ఎంత వెడల్పుండవలెను, రెండు గీతల మధ్య ఎంత ఎడముండవలెను అని పుటలకొలది పట్టికలు. కర్మాగారము మెరుగుపడినప్పుడెల్ల పట్టికలు మారును. బొమ్మను మరల గీయవలెను. కంప్యూటరు నిర్మాణము తెలిసినవారికి ఈ సూక్ష్మములు తెలియవు. ఈ సూక్ష్మములు తెలిసినవారికి కంప్యూటరు నిర్మాణము తెలియదు.

కాల్టెక్‌లో మీడ్ అప్పటికే విద్యార్థులకు చిప్పుల రచనను బోధించుచుండెను. కాన్వే ఆయనతో కలిసి ఈ నియమముల అడవిని నరికి, కొద్దిపాటి సూత్రములుగా కుదించినది. ఇందులో ముఖ్యమైనది కొలతను గురించిన ఊహ.

మన ఇండ్ల ముంగిట వేసే చుక్కల ముగ్గును తలచుకొందాము. ఏడు చుక్కల ముగ్గు నేర్చిన పిల్ల దానిని పెద్ద వాకిటిలోను వేయగలదు, తులసికోట ముందర చిన్న చోటులోను వేయగలదు. చుక్కల మధ్య దూరము మాత్రమే మారును, ముగ్గు మారదు. కాన్వే చేసినది ఇదే. కొలతలను మైక్రానులలో చెప్పుట మాని, ‘లామ్డా’ అను ఒకే ప్రమాణముతో ఇన్ని రెట్లని చెప్పినది. కర్మాగారము గీయగల అతి సన్నని గీతలో సగము లామ్డా. అది 3 మైక్రానులైనచో అతి సన్నని గీత 6 మైక్రానులు. కొన్నాళ్ళకు కర్మాగారము లామ్డాను 1 మైక్రానుకు తగ్గించినదనుకొందాము. బొమ్మ అదే, కాని పొడవు మూడవ వంతు, వైశాల్యము తొమ్మిదవ వంతు అగును. ఒక్క చిప్పు చోటులో తొమ్మిది ఇముడును.

బొమ్మ గీయుటకు రంగులు గూడ ఏర్పరచినారు. సిలికాన్‌లో విద్యుత్తు ప్రవహించు దారి ఆకుపచ్చ గీత. పాలిసిలికాన్ తీగ ఎర్ర గీత. లోహపు తీగ నీలి గీత. ఎర్ర గీత ఆకుపచ్చ గీతను దాటినచోట ట్రాన్సిస్టరు ఏర్పడును. ఎర్రతీగకు తగిన వోల్టేజి ఇచ్చినప్పుడే ఆకుపచ్చ దారిలో విద్యుత్తు సాగును. ఎర్ర, ఆకుపచ్చ గీతల వెడల్పు 2 లామ్డాలకు తగ్గరాదు. నీలి గీత 3 లామ్డాలకు తగ్గరాదు. ఇట్టి కొద్ది నియమములు తెలిసినచో విద్యార్థి గళ్ళ కాగితముపై చిప్పును రచింపగలడు. తరువాతి కాలములో గీతలు మిక్కిలి సన్నబడగా పరిశ్రమలు మరల వివరమైన నియమములకు పోయినవి. అయినను చిప్పుల రచనకు తొలిపాఠముగా ఈ పద్ధతి నేటికిని ఉపకరించుచున్నది.

తరగతిలో తయారైన చిప్పులు

ఈ విషయములతో మీడ్, కాన్వేలు ఒక పాఠ్యపుస్తకము వ్రాయబూనినారు. పుస్తకము పూర్తియగువరకు ఆగక, చిత్తుప్రతులను కొన్ని విశ్వవిద్యాలయములకు పంపినారు. విద్యార్థులు తడబడిన చోట్లను తెలిసికొని సరిదిద్దినారు. ‘వి.యల్.యస్.ఐ. వ్యవస్థల పరిచయము’ అను అర్థమువచ్చు పేరుతో 1980 ముద్రణగా వెలువడిన ఆ గ్రంథము వెనుక ఇంత పరీక్ష ఉన్నది.

1978లో యం.ఐ.టి. కాన్వేను పాఠము చెప్పుటకు ఆహ్వానించినది. చదువు మధ్యలో విడిచిపోయిన చోటికే ఆమె ఇప్పుడు ఉపాధ్యాయురాలుగా వచ్చినది. స్వభావముచే బిడియస్తురాలగుటవలన ప్రతి ఉపన్యాసమును ముందుగనే వివరముగా వ్రాసుకొన్నది. టర్ము మొదటి సగములో సూత్రములు. రెండవ సగములో ప్రతి విద్యార్థియు తన సొంత చిప్పును రచింపవలెను. అంతటితో వదలలేదు. ఆ రచనలను నిజముగా తయారుచేయించినది.

ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క సిలికాన్ బిళ్ళను తయారుచేయించుట ఎవరి తరము? దీనికి అచ్చుకూటమువారి ఉపాయము పనికివచ్చినది. నాలుగు పెండ్లి పిలుపులను ఒకే పెద్ద కాగితముపై అచ్చువేసి, తరువాత కత్తిరించి ఎవరివి వారికిచ్చినచో ఖర్చు పంచబడును. అట్లే పలువురి రచనలను పక్కపక్కన పేర్చి ఒకే బిళ్ళపై ముద్రించినారు. రచనలు కంప్యూటర్ తీగలమీదుగా మసాచుసెట్స్ నుండి కాలిఫోర్నియాకు పోయినవి. సుమారు ఆరు వారములలో చిప్పులు విద్యార్థుల చేతికి వచ్చినవి. వారిలో గై స్టీల్ అను విద్యార్థి ఒక చిన్న ప్రాసెసరునే రచించినాడు.

కాన్వే తన ఉపన్యాసముల వ్రాతప్రతిని ఇతర ఉపాధ్యాయులకు మార్గదర్శిగా పంచిపెట్టినది. ఆమెను ఎన్నడును చూడనివారు గూడ ఆ ప్రతిని ముందుంచుకొని పాఠము చెప్పగలిగినారు. 1979 చివర ఇదే ప్రయోగమును ఆమె బృందము విస్తరించినది. పది సంస్థలకు పైగా, 124 మంది రచయితలు, 82 రచనలు. గడువు ముగిసిన 29 దినములలో చిప్పులు తయారై వారికి చేరినవి. అందులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ క్లార్క్ రచన ఒకటి. దానినుండి వచ్చిన త్రిపరిమాణ చిత్రముల యంత్రముతో ఆయన తరువాత సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థను స్థాపించినాడు. 1981లో ఈ ఏర్పాటు ‘మోసిస్’ అను పేరుతో శాశ్వత సేవగా మారినది. కొద్ది సంవత్సరములలోనే సుమారు నూరు విశ్వవిద్యాలయములలో ఈ పాఠము మొదలైనది. మన దేశములో గూడ విద్యార్థుల రచనలను మొహాలీలోని సెమీ కండక్టర్ లెబోరేటరీలో 180 నానోమీటరుల పద్ధతితో తయారుచేయించుచున్నారు.

ఆలస్యముగా వచ్చిన గుర్తింపు

1985లో కాన్వే మిచిగన్ విశ్వవిద్యాలయములో ఆచార్యురాలుగాను, ఇంజనీరింగు విభాగమునకు సహాయక డీనుగాను చేరి, 1998లో విరమించినది. 1989లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ ఆమెను సభ్యురాలుగా ఎన్నుకొన్నది. ఆమె విరమించిన సమయముననే ఐ.బి.యం. పాత కంప్యూటరు చరిత్రను మార్క్ స్మదర్‌మన్ అను పరిశోధకుడు వెదకుచుండెను. 1966 నాటి పత్రములు తనవేనని చెప్పవలెనన్నచో తన వెనుకటి జీవితమును గూడ చెప్పవలెను. ముప్పది సంవత్సరముల మౌనమును విడిచి ఆమె రెండును చెప్పినది. తనవంటి స్థితిలో ఉన్న యువజనులకు ధైర్యము చెప్పుట ఆ తరువాత ఆమెకు మరొక వ్యాసంగమైనది.

అమెరికాలోని జాతీయ ఆవిష్కర్తల గౌరవశాల మీడ్‌కు 2009లో స్థానమిచ్చినది. కాన్వేకు 2023లో ఇచ్చినది. ఐ.బి.యం. 2020లో, అనగా 52 సంవత్సరముల తరువాత, ఆమెకు క్షమాపణ చెప్పినది. 2024 జూన్ 9వ తేదీన తన 86వ ఏట ఆమె మరణించినది.

కాన్వే కొత్త ట్రాన్సిస్టరును కనిపెట్టలేదు. ఉన్న జ్ఞానమునుండి విద్యార్థికి అవసరము కానిదానిని తొలగించి, అవసరమైనదానిని వరుసలో పెట్టి, వాడు గీసినది వాని చేతికే వస్తువుగా వచ్చునట్లు చేసినది. దీని రుచి చూచుటకు ఉన్నత పాఠశాలలో గూడ వీలున్నది. గళ్ళ కాగితముపై ఒక గడిని ఒక లామ్డాగా తీసుకొని, రెండు గళ్ళ వెడల్పుతో ఒక ఆకుపచ్చ దారి గీయండి. దానిని దాటునట్లు, ఒకదానికొకటి రెండు గళ్ళ ఎడముతో, రెండు ఎర్ర గీతలు గీయండి. రెండు ఎర్రతీగలకును వోల్టేజి ఉన్నప్పుడే దారి తెరచుకొనును. ఇక దారిని రెండు పాయలుగా చీల్చి, పాయకొక ఎర్ర గీత ఉంచినచో, ఏ ఒక్కదానికి వోల్టేజి ఉన్నను చాలును. మొదటిది ‘ఇదియు, అదియు’ అను తర్కము. రెండవది ‘ఇది గాని, అది గాని’ అను తర్కము. మూడు తీగలతో ‘మొదటిది ఉండి, మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి ఉన్నచో’ దారి తెరచుకొనునట్లు ఎట్లు గీయవలెనో విద్యార్థులనే కనుగొననీయండి.