ఆ గుండెతో ఇక ఆడలేవన్నారు!

ఇరవై ఏళ్ల వయసు, ఆరడుగుల పైచిలుకు ఎత్తు, మెడలో ఒలింపిక్ స్వర్ణ పతకం! 1996 ఆగస్టులో న్వాంక్వో కాను అనే నైజీరియా యువకుడికి లోకంలో లేనిదంటూ లేదు. ఒవెర్రి పట్టణంలో పుట్టి, 1993లో నెదర్లాండ్స్‌లోని అయాక్స్ క్లబ్బులో చేరి, 1995లో యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఆడాడు. అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో బ్రెజిల్ చేతిలో ఓటమి ఖాయమనుకున్న వేళ చివరి నిమిషంలో స్కోరు సమం చేసి, అదనపు సమయంలో మరో గోల్‌తో జట్టును గెలిపించింది అతడే. ఇటలీలోని ఇంటర్ మిలాన్ క్లబ్బు అతణ్ణి తీసుకుంది.

అక్కడ చేసిన వైద్య పరీక్షలో పిడుగులాంటి మాట బయటపడింది. గుండె కవాటంలో లోపం ఉందని, ఇక ఆట మరచిపోవలసిందేనని వైద్యులు చెప్పారు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విశ్వాసులకు ఈ బాధ కొత్త కాదు. కొడుకును కువైట్ పంపాలని అప్పు చేసి, పాస్‌పోర్టు చేతికొచ్చాక, మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాటతో ఆశలన్నీ కూలిపోతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో మనకు తెలుసు. ‘ప్రభువా, నాకే ఎందుకిలా?’ అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

కాను క్రైస్తవుడు. దేవుని మీదే ఆధారపడ్డానని తర్వాత ఎన్నోసార్లు సాక్ష్యమిచ్చాడు. అయితే ప్రార్థిస్తున్నాను కదా అని వైద్యాన్ని కాదనలేదు. 1996 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 1997లో మళ్లీ మైదానంలో అడుగుపెట్టాడు. 1999లో ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్‌లో చేరాడు. ఆ ఏడాదే చెల్సీపై రెండు గోల్స్ వెనుకబడిన జట్టును చివరి పదిహేను నిమిషాల్లో మూడు గోల్స్ చేసి గెలిపించాడు. 2008 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో పోర్ట్స్‌మౌత్‌ను గెలిపించిన ఏకైక గోల్ కూడా ఆ గుండెతో కొట్టిందే!

అయితే అతని సాక్ష్యానికి కిరీటం గోల్స్ కాదు. తనకు పెద్ద క్లబ్బు అండ ఉంది, అమెరికా వెళ్లే స్తోమత ఉంది. అదే జబ్బుతో పుట్టిన ఆఫ్రికా పేదపిల్లలకు ఎవరున్నారు? 2000లో కాను తన పేరిట హార్ట్ ఫౌండేషన్ స్థాపించాడు. దాని సాయంతో ఎందరో చిన్నారులకు గుండె ఆపరేషన్లు జరిగాయి. వారిలో కొందరిని మన భారతదేశానికీ తీసుకొచ్చారు.

ఇక్కడొక కఠినమైన ప్రశ్న ఉంది. కామెరూన్‌కు చెందిన మార్క్ వివియన్ ఫో కూడా యూరప్‌లో పేరు తెచ్చుకున్న ఆటగాడే. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కొలంబియాతో ఆడుతూ మైదానంలోనే కుప్పకూలి, 28 ఏళ్లకే కన్నుమూశాడు. అతనిదీ గుండెజబ్బే. మరి దేవుడు ఒకరిని ప్రేమించి మరొకరిని విడిచిపెట్టాడా? సిలోయము గోపురం కూలి చనిపోయినవారు ఇతరులకన్నా పాపులు కారని యేసుప్రభువు లూకా సువార్త 13వ అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు. బతికినవాడు నీతిమంతుడనీ, పోయినవాడు పాపి అనీ తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. బతికినవాడికి మాత్రం ఒక బాధ్యత ఉంది. మనం పొందిన ఆదరణ మన దగ్గరే ఆగిపోక, శ్రమల్లో ఉన్న ఇతరులకు చేరాలన్నదే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు బోధ.

మీ సంఘంలో కాస్త పరిగెత్తితేనే ఆయాసపడే, పెదవులు నీలిరంగుకు తిరిగే బిడ్డ ఉన్నాడా? ఆ బిడ్డ కోసం ప్రార్థించండి. ఆ ప్రార్థన ముగించి లేచి, తల్లిదండ్రులను నెల్లూరులో గుండె వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. పేదల శస్త్రచికిత్సల కోసం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం గురించి చెప్పండి. బస్సు చార్జీలు, రెండు రోజుల భోజనం ఖర్చు సంఘం పెట్టుకోలేదా? స్వస్థత పొందినవాడి కృతజ్ఞత స్తుతిగీతంతో మొదలవుతుంది, కాని మరొకరి గుండె కొట్టుకునేలా చేసినప్పుడే అది పరిపూర్ణమవుతుంది.