రెండు కెర్నళ్లు చాలవు, మూడు ఉండాలి

2023 డిసెంబర్ 9న రావాల్సిన డెబియన్ లినక్స్ 12.3 రాలేదు. దానితో రావాల్సిన 6.1.64 కెర్నల్‌లో, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఉన్న డిస్కుల్లోని డేటాను చెడగొట్టగల లోపం బయటపడింది. కొత్త సిరీస్‌లోని ఒక సవరణను 6.1లోకి తెచ్చినవాళ్లు, దానికంటే ముందు రావాల్సిన మరో సవరణను తేలేదు. ఈలోగా ఆ కెర్నల్ కొందరి మెషిన్లలోకి దిగనే దిగింది. మర్నాడు 6.1.66తో 12.4 విడుదలైంది. అందులో కొందరికి వైఫై దగ్గర చిక్కొచ్చింది. దాన్ని సరిచేయడానికి 6.1.67 తేవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో వరసగా అప్‌డేట్ చేసుకున్న మెషిన్ సంగతి చూడండి. ఇప్పుడు నడుస్తున్నది 6.1.66, వైఫై లేదు. వెనక్కి పోదామంటే పక్కనున్నది 6.1.64, అది డేటాకే ప్రమాదం. నమ్మదగినది 12.2 నాటి 6.1.55. అంటే మూడోది. రెండే ఉంచుకున్నవాళ్లకు అది బూట్ మెనూలో కనిపించదు.

డెబియన్, ఉబుంటు, ఫెడోరాల్లో కొత్త కెర్నల్ పాతదాన్ని చెరిపేయదు, దాని పక్కన చేరుతుంది. ఒక్కో వెర్షన్‌కు డ్రైవర్ల ఫోల్డర్ వేరుగా ఉంటుంది. అందుకే వెనక్కి వెళ్లడం సాధ్యం. ఫెడోరా మామూలుగా 3 ఉంచుతుంది, నాలుగోది వస్తే అన్నిటికంటే పాతది పోతుంది. నా దృష్టిలో అదే సరైన లెక్క. డెబియన్, ఉబుంటుల్లో అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ నడిపితే సాధారణంగా రెండే మిగులుతాయి. మీకు బాగా పనిచేసిన కెర్నల్‌ను ఏపీటీ-మార్క్ ఆదేశంతో 'మాన్యువల్' అని గుర్తుపెడితే ఆటోరిమూవ్ దాని జోలికి పోదు. ఆర్చ్‌లో మాత్రం కొత్తది వస్తే పాతది పోతుంది. అక్కడ ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కెర్నల్‌ను అదనంగా వేసుకోవాలి.

మూడు ఉంచడానికి అడ్డొచ్చేది చోటు. కెర్నల్ ఫైలు పది, పదిహేను ఎంబీలే. బరువంతా బూట్ మొదట్లో కెర్నల్‌తోపాటు లోడయ్యే ఇనిట్‌ఆర్‌డీ ఫైలుది. డ్రైవర్లన్నీ కూరితే అది ఒక్కటే 60 నుంచి 100 ఎంబీ వరకూ పోతుంది. ఒక్కో కెర్నల్‌కు సుమారు 100 అనుకుంటే మూడింటికి 300. అప్‌గ్రేడ్ సమయంలో కాసేపు నాలుగోదానికీ చోటు కావాలి కాబట్టి 400. బూట్‌కు విడిగా 250 ఎంబీ పార్టిషన్ ఇచ్చిన పాత ఇన్‌స్టాలేషన్లు ఇక్కడే ఇరుక్కుంటాయి. చోటు చాలక ఇనిట్‌ఆర్‌డీ సగంలో ఆగిపోతే కొత్త కెర్నల్ రూట్ డిస్కును మౌంట్ చేయలేక పానిక్ అవుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తుంటే బూట్‌కు 1 జీబీ ఇవ్వండి. ఇప్పటి డిస్కుల్లో అది లెక్కలోకే రాదు.

పాత కెర్నల్ బ్యాకప్‌కు బదులు కాదు. పాడైన ఫైళ్లను అది తిరిగి తేలేదు. భద్రతా సవరణలు కూడా పాతదానికి అందవు కాబట్టి, దిద్దిన వెర్షన్ వచ్చేదాకానే దానిమీద నడవాలి.

ఉబుంటు ఒక్కటే ఉన్న కంప్యూటర్లో బూట్ మెనూ మామూలుగా కనబడదు. ఆన్ చేయగానే పాత బయోస్ మెషిన్‌లో షిఫ్ట్, యూఈఎఫ్ఐలో ఎస్కేప్ నొక్కితే వస్తుంది. ఈసారి అప్‌గ్రేడ్‌కు ముందే, అంతా సవ్యంగా ఉండగానే, అందులోంచి పాత కెర్నల్‌ను ఎంచుకుని ఒకసారి బూట్ చేసి చూడండి. వైఫై, గ్రాఫిక్స్ రెండూ పనిచేస్తున్నాయని తేలాకే కొత్తదాన్ని దించండి.