సన్నని పోగు, నిలిచిన గాలి

“జాకెట్ కొని ఎనిమిదేళ్లయింది. ఎక్కడా చిరగలేదు, జిప్పు కూడా బాగానే ఉంది. అయినా పోయిన డిసెంబరులో కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్తే, ఇంకా నడక మొదలుపెట్టకముందే సాంక్రీ ఊళ్లో వణికిపోయాను. నాకే చలి ఎక్కువైందా, జాకెట్ పని అయిపోయిందా? కొత్తది కొనాలంటే ఏం చూసి కొనాలి?” అని కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. పక్షి ఈకలు కాకుండా లోపల పాలిస్టర్ దూది పెట్టి కుట్టిన జాకెట్ అది.

కొనుగోలు సంగతి చివర్లో నాలుగు మాటల్లో చెబుతాను. ముందున్న ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. జాకెట్‌కు చిరుగు లేదు, బరువు తగ్గలేదు, లోపలి దూది ఎక్కడికీ పోలేదు. మరి వెచ్చదనం ఎటు పోయింది?

అందరికీ తెలిసిన సంగతులు గబగబా ముగిద్దాం. జాకెట్ వేడి పుట్టించదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. జాకెట్ దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ పని చేసేది గుడ్డ కాదు, దూదీ కాదు, వాటి మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఉష్ణవాహకత లెక్కల్లో కదలని గాలిది సుమారు 0.025. పాలిస్టర్‌ది దానికి ఆరు రెట్ల పైమాటే, నీటిది 24 రెట్లు. అంటే వేడిని ఆపడంలో పాలిస్టర్ గాలి ముందు తేలిపోతుంది. సోడా బండి దగ్గర ఐసు దిమ్మను ఊకలో పాతి పైన గోనెసంచి కప్పడం చూసే ఉంటారు. అక్కడ ఐసును కాపాడేది కూడా ఊక గింజల సందుల్లో నిలిచిన గాలే. వేడి లోపలికి రాకుండా ఆపినా, బయటికి పోకుండా ఆపినా సూత్రం ఒక్కటే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. చదరపు మీటరుకు 100 గ్రాముల దూది, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం: మంచి జాకెట్‌లో మామూలుగా ఉండే కొలత ఇది. పాలిస్టర్ సాంద్రతతో భాగిస్తే ఆ మందంలో పోగులు ఆక్రమించే చోటు అర శాతం కూడా ఉండదు. మిగతా 99.5 శాతం గాలే. అలాంటప్పుడు ఆ అర శాతం పోగులు చేస్తున్న పనేమిటి? జవాబు తేలికే అనిపిస్తుంది: గాలిని కదలకుండా పట్టి ఉంచడం. పుస్తకాలూ అదే చెబుతాయి, దుకాణదారులూ అదే చెబుతారు. అది సగమే నిజం.

ఈ ప్రశ్నను మొదట ప్రయోగానికి పెట్టినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్, పుట్టింది అమెరికాలోని మసాచుసెట్స్‌లో. బవేరియా కొలువులో ఉంటూ అక్కడి సైన్యాన్ని సంస్కరించిన మనిషి కాబట్టి, ఏ గుడ్డ సైనికుణ్ని వెచ్చగా ఉంచుతుందన్నది ఆయనకు కొలువుకు సంబంధించిన సంగతే. థర్మామీటరు బుడ్డిని అంతకంటే పెద్ద గాజు గోళంలో నిలబెట్టి, రెండింటి మధ్య ఖాళీలో ఒకసారి ఉన్ని, ఒకసారి పత్తి, ఒకసారి పట్టు, ఇలా ఒక్కో పదార్థాన్నీ ఒకే బరువుతో కూరాడు. మరిగే నీళ్లలో వేడిచేసి, ఐసు నీళ్లలో ముంచి, చల్లబడడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టాడు. ఏమీ కూరకుండా గాలి మాత్రమే ఉన్నప్పుడు 576 సెకన్లు. పత్తి కూరితే 1,046. ఈడర్ బాతు నూగు కూరితే 1,305. 1792లో రాయల్ సొసైటీ ప్రచురించిన ఈ ఫలితాల్లో నన్ను కట్టిపడేసేది వేరే జత: ముడి పట్టు పోగులకు 1,284 సెకన్లు, అదే పట్టును పేనిన కుట్టుదారానికి 917. పదార్థం అదే, బరువు అదే. పోగులు విడివిడిగా సన్నగా ఉన్నప్పుడు ఒక ఫలితం, పేనుకుని లావెక్కినప్పుడు మరో ఫలితం.

ఇంత చక్కటి అంకెలు చేతిలో పెట్టుకుని రమ్‌ఫర్డ్ తప్పు దారి పట్టాడు. గాలి వేడిని అసలు ప్రసరింపజేయదనీ, తాను కదిలితేనే వేడిని మోసుకుపోతుందనీ తేల్చేశాడు. పోగులు గాలిని అంటిపెట్టుకుని కదలనివ్వకపోతే వేడి ఆగిపోయినట్టేనని ఆయన వాదన. కదలని గాలి కూడా వేడిని కొంత ప్రసరింపజేస్తుందని తర్వాత రుజువైంది. ఆయన చెప్పిన రెండో సగం మాత్రం జనం నోళ్లలో అలాగే మిగిలిపోయింది: పోగు పని గాలి కదలికను ఆపడమే.

1983లో కెనడా రక్షణ పరిశోధన సంస్థకు చెందిన బ్రయాన్ ఫార్న్‌వర్త్ ఈ మాటను ముక్కుసూటిగా పరీక్షించాడు. చలి దుస్తుల్లో వాడే రకరకాల దూది పొరల గుండా వేడి ఎలా పోతోందో కొలిచాడు. పోగులు చాలా పలుచగా ఉన్న దూదిలో సైతం గాలి కదలిక వల్ల పోయే వేడి ఆనవాలు కూడా ఆయనకు కనిపించలేదు. గాలిని నిలబెట్టడానికి ఏ కొద్ది పోగులో చాలు. మరి మిగిలిన పోగులన్నీ ఎందుకు? వాటిని తగ్గిస్తే జాకెట్ ఎందుకు చలిపెడుతుంది?

ఎందుకంటే వేడి ఇంకో దారిలో, వికిరణంగా, పోతోంది. గాలి ఎంత నిశ్చలంగా ఉన్నా పరారుణ కిరణాలు దాన్ని దాటుకుని పోతాయి. వాటికి అడ్డం నిలవగలిగేది ఘనపదార్థమే, అంటే ఆ అర శాతం పోగులే. తేలికపాటి దూదిలో లెక్క వేస్తే, బయటికి పోయే వేడిలో మూడో వంతు దాకా ఈ దారినే పోతుంది.

ఇక్కడి నుంచే కథ నాకు ప్రాణం. మన చర్మం 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర వికిరణం అత్యంత బలంగా ఉండే తరంగదైర్ఘ్యం దాదాపు 9.5 మైక్రాన్లు. మంచి జాకెట్ దూదిలో పోగు మందం సుమారు 12 మైక్రాన్లు, తల వెంట్రుకలో ఐదారో వంతు. కిరణం సైజూ అడ్డుకునే పోగు సైజూ దాదాపు ఒక్కటే! ఒక కిరణం ఒక పోగుకు తగిలి అందులో ఇంకుతుంది, ఆ పోగు రవ్వంత వెచ్చబడి అన్ని వైపులకూ తిరిగి వెదజల్లుతుంది, అందులో సగం మళ్లీ ఒంటి వైపే వస్తుంది. ముందుకు పోయిన సగం ఇంకో పోగుకు తగులుతుంది. ఇలా మజిలీ తర్వాత మజిలీ. మజిలీలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. అంటే కావలసింది పోగుల బరువు కాదు, వాటి ఉపరితలం.

100 గ్రాముల పాలిస్టర్‌ను 12 మైక్రాన్ల పోగులుగా తీస్తే మొత్తం పొడవు 640 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాద్‌లో మొదలుపెడితే విశాఖపట్నం దాటుతుంది. ఉపరితలం 24 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు జాకెట్‌లో 24 చదరపు మీటర్ల అడ్డుగోడ! అదే బరువును 24 మైక్రాన్ల పోగులుగా తీస్తే ఉపరితలం 12కు పడిపోతుంది. పోగు మందం సగమైతే అడ్డు రెట్టింపు. రమ్‌ఫర్డ్ ముడి పట్టుకూ కుట్టుదారానికీ మధ్య చూసిన తేడాలో ఈ లెక్క ఇమిడి ఉంది.

అయితే 3 మైక్రాన్ల పోగులే చేస్తే పోదా? పోదు. పోగు వంగకుండా నిలిచే బిగువు దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే బిగువు పదహారో వంతవుతుంది. కిరణాలను బాగా ఆపే పోగు తన కాళ్ల మీద తాను నిలబడలేదు, చతికిలబడిపోతుంది. అది చతికిలబడితే గాలికి చోటే ఉండదు. సన్నదనమూ కావాలి, నిటారుగా నిలిచే బలమూ కావాలి. రెండూ ఒకే పోగులో దొరకవు.

దీనికి తెలివైన పరిష్కారం 1980లలో దొరికింది. తడిసినా పనికొచ్చే ఈకల ప్రత్యామ్నాయం అమెరికా సైన్యానికి కావలసి వచ్చింది. ఈకల నూగు తడిస్తే ముద్దయిపోతుంది. పాలిస్టర్ మామూలుగా తన బరువులో 0.4 శాతం తేమనే పీల్చుకుంటుంది, పత్తి 8 శాతం పైనే. ఆల్బనీ ఇంటర్నేషనల్ సంస్థ కిరణాలను ఆపడానికి సన్నని పోగులను, వాటిని నిలబెట్టడానికి కొద్ది పాళ్లలో లావు పోగులను కలిపి దూది తయారుచేసింది. అదే తర్వాత ప్రిమాలాఫ్ట్ పేరుతో బజారుకొచ్చింది. ఈకల నూగులోనూ ఏర్పాటు ఇలాంటిదే: లావు కాడలు, వాటి నుంచి చీలిన అతి సన్నని పీచులు.

బోలు పోగుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. “పోగు లోపల కూడా గాలి, అందుకే మరింత వెచ్చన” అని అట్టల మీద రాస్తారు. ఇది పొరపాటు. మొత్తం మందంలో పోగులే అర శాతం, అందులో ఐదో వంతు బోలు అనుకున్నా అది వెయ్యో వంతు. ఇప్పటికే 99.5 శాతం గాలి ఉన్న చోట దాని లెక్కెంత? బోలు పోగు నిజంగా మేలైనదే, కారణం వేరు: అదే బరువుకు గొట్టం ఆకారం ఎక్కువ బిగువుగా నిలుస్తుంది. లోపల అస్తరుకు వెండి రంగు పూత పూసి “ఒంటి వేడిని తిప్పికొడుతుంది” అని అమ్మడం కూడా అంతే. అద్దంలాంటి పూత పనిచేయాలంటే దాని ముందు ఖాళీ జాగా ఉండాలి. చొక్కాను ఒరుసుకునే పూత తిప్పికొట్టేది చాలా తక్కువ.

ఇక కరీంనగర్ జాకెట్ సంగతి. పాలిస్టర్ పోగులకు ఫ్యాక్టరీలో వంకులు తిప్పుతారు. ఆ వంకులే స్ప్రింగుల్లా పనిచేసి మందాన్ని నిలబెడతాయి. నెలల తరబడి నొక్కి ఉంచితే పాలిస్టర్ ఆ నొక్కుడుకు అలవాటుపడి కొత్త ఆకారంలో స్థిరపడుతుంది. వేడి తోడైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే 70, 80 డిగ్రీల మధ్య పాలిస్టర్ మెత్తబడడం మొదలవుతుంది. మన దగ్గర చలి జాకెట్ ఏడాదిలో రెండు వారాలు హిమాలయాల్లోనూ మిగతా యాభై వారాలు చిన్న సంచిలో కుక్కి అటక మీదా ఉంటుంది. రేకుల కప్పు కింద అటక అయితే ఏప్రిల్, మే నెలల్లో పరిస్థితి ఊహించుకోండి. దాన్ని పాడుచేసింది మంచు కాదు, మన ఎండాకాలం.

మందం సగానికి పడిపోతే వెచ్చదనం సరిగ్గా సగం తగ్గదు. పోగులు దగ్గరపడతాయి కాబట్టి కిరణాలకు అడ్డు పెరిగి కొంత నష్టం పూడుతుంది. నా లెక్కలో దాదాపు 40 శాతం పోతుంది. సాంక్రీలో వణకడానికి అది చాలు.

మీ జాకెట్‌ను ఇంట్లోనే పరీక్షించవచ్చు. బాగా విదిలించి, బల్ల మీద పరిచి, అరగంట వదిలేయండి. ఛాతీ దగ్గర రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, తర్వాత భుజం మీద బ్యాగు పట్టీ ఆనే చోట పట్టుకోండి. భుజం దగ్గర దూది కాగితం అట్టలా తగిలితే అక్కడ స్ప్రింగు చచ్చిపోయినట్టే. లైట్లు ఆర్పి జాకెట్ లోపల టార్చి వెలిగించండి. దూది ముద్దకట్టిన చోట నల్లటి మచ్చలు, వాటి పక్కనే వెలుతురు ధారాళంగా వచ్చే సందులు కనిపిస్తాయి. పారేసే ముందు ఒకసారి తక్కువ సబ్బుతో, ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకుండా ఉతికి నీడన ఆరబెట్టండి. చెమట జిడ్డు వదిలి కొంత పొంగు తిరిగి రావచ్చు. రాకపోతే మార్చాల్సిందే.

కొత్తది ఎంచుకోవడం దగ్గరే నాకు కోపం వస్తుంది. దుస్తుల వెచ్చదనానికి 1941లోనే గాగీ, బర్టన్, బజెట్ అనే శాస్త్రవేత్తలు ‘క్లో’ అనే కొలమానం ఇచ్చారు. స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 ప్రమాణం ఉంది, ఎన్ని డిగ్రీల దాకా పనికొస్తుందో దాని ప్రకారం అట్ట మీద రాస్తారు. ట్రెక్కింగ్ జాకెట్ మీద మాత్రం చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల దూదో తప్ప ఏమీ ఉండదు, ఒక్కోసారి అదీ ఉండదు. గ్రాములు బరువు చెబుతాయి. పోగు ఎంత సన్ననో, మందం ఎంతో, ఎన్ని నొక్కుళ్లకు తట్టుకుంటుందో చెప్పవు.

కాబట్టి కరీంనగర్ మిత్రులకు నా సలహా. నడుస్తూ వేసుకోవడానికైతే 60 గ్రాముల దూది చాలు. సాయంత్రం క్యాంపులో నిలబడడానికైతే 100 నుంచి 133 గ్రాములది, టోపీ ఉన్నది, లోపల స్వెట్టరు పట్టేంత వదులుగా ఉన్నది తీసుకోండి. పొట్టి పోగుల దూది మెత్తగా, చిన్నగా మడత పడుతుంది కానీ తొందరగా ముద్దకడుతుంది. తెగని పొడవాటి పోగులతో చేసిన దూది, క్లైమాషీల్డ్ లాంటిది, కాస్త లావుగా ఉన్నా ఎక్కువ కాలం పొంగు నిలుపుకుంటుంది. ఏళ్ల తరబడి వాడాలనుకుంటే రెండోదే కొనండి. ఇంటికి తెచ్చాక దాన్ని సంచిలో కుక్కకండి. బీరువాలో హ్యాంగరుకు తగిలించండి, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయకండి.