చిట్టి వేళ్లకు చిన్న పనులు

మీరు మొదటిసారి బలపం పట్టిన రోజు గుర్తుందా? వేళ్లు బిగుసుకుపోయాయి. బలపం పుటుక్కున విరిగింది. 'అ' దిద్దమంటే గీత ఎటో పోయింది. నాట్లు వేసిన చేతులే, కలుపు తీసిన చేతులే. అయినా బలపం మన మాట వినడానికి కొన్ని రోజులు పట్టింది.

మరి రెండేళ్ల పిల్ల సంగతేమిటి? దాని చేతికి పలక ఇస్తాం. చెయ్యి పట్టి దిద్దిస్తాం. రాయకపోతే కసురుకుంటాం. తప్పు పిల్లది కాదు. దాని వేళ్లకు ఇంకా పట్టు రాలేదు. ఆ పట్టు ఆటల్లో వస్తుంది. దానికోసం బొమ్మలు కొననక్కర లేదు. మన వంటింట్లో ఉన్నవి చాలు.

6 నెలల బిడ్డ ఏది దొరికినా గుప్పిటతో లాక్కుంటుంది. 9, 10 నెలలు వచ్చేసరికి చాప మీద పడ్డ మెతుకును బొటనవేలితో, చూపుడువేలితో తీస్తుంది. కొందరు కాస్త ముందు, కొందరు కాస్త వెనక. మనం ముగ్గుపిండి పట్టేది ఆ రెండు వేళ్లతోనే. బలపం పట్టేదీ ఆ వేళ్లతోనే. నడిమివేలు సాయం ఉంటుంది, అంతే.

అన్నిటికంటే మంచి పని అన్నం తినడం. పిల్ల చేతికి అన్నం ఇస్తే సగం నేలపాలు చేస్తుందని మనకు భయం. పనికి వేళవుతుందని మనమే గబగబా నోట్లో పెట్టేస్తాం. పోనీ, ఒక పని చేయండి. కడుపు నిండా మీరే తినిపించండి. చివర నాలుగు ముద్దలు మాత్రం పళ్లెంలో వదలండి. చేతులు కడిగి, దాన్నే తిననివ్వండి. ముఖమంతా పూసుకుంటుంది. పూసుకోనీయండి. మెత్తగా ఉడికిన ఆలుగడ్డ ముక్క, అరటిపండు ముక్క కూడా పెట్టవచ్చు. కొన్నాళ్లకు మెతుకు మెతుకు ఏరుకుని తింటుంది.

రొట్టెలు చేసేటప్పుడు కొంచెం పిండిముద్ద ఇవ్వండి. నొక్కుతుంది, గిల్లుతుంది, ఉండలు చేస్తుంది. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ఇంత బియ్యప్పిండి చేతిలో పోయండి. రాతిముగ్గు వద్దు, కళ్లలో పడుతుంది. దాని ముగ్గు ముగ్గులా ఉండదు. మీరు దిద్దకండి.

గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టించండి. డబ్బా మూతలు తీయించండి, పెట్టించండి. అప్పడాల కర్ర నిలబెట్టి పట్టుకుంటే, ప్లాస్టిక్ గాజులు ఒక్కొక్కటే తొడుగుతుంది. గాజువి వద్దు. పాత కాగితం ఇస్తే చింపి పోగులు పెడుతుంది. చిన్న గిన్నెలో నీళ్లు పోసి గుడ్డ పిండమనండి. నీళ్ల దగ్గర మాత్రం ఒంటరిగా వదలవద్దు. జానెడు నీళ్లు ఉన్న బకెట్ కూడా బిడ్డ ప్రాణం తీస్తుంది.

ఇంకో జాగ్రత్త. పల్లీలు, శనగలు, చింతగింజలు, గోలీలు, పూసలు, రూపాయి బిళ్లలు 3 ఏళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ఊపిరి ఆడదు. బొమ్మల్లో, రిమోట్‌లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ మరీ ప్రమాదం. మింగితే గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఎడమచేత్తో తింటోందని, గీస్తోందని కొందరు పిల్లల్ని కొడతారు. అది జబ్బు కాదు, దోషం కాదు. కానీ ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక చెయ్యే వాడుతూ, రెండో చెయ్యి ఊరికే ఉంచితే గమనించండి. ఆ చేతిలో బలం తక్కువ ఉండవచ్చు. ఏడాది దాటినా వేళ్లతో ఏమీ తీయలేకపోతే, గుప్పిళ్లు ఎప్పుడూ బిగించే ఉంటే కూడా డాక్టరుకు చూపించాలి. ఎంత ముందు చూపిస్తే అంత మేలు.

ఇందుకోసం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద డాక్టర్ల బృందం ఏడాదికి 2 సార్లు అంగన్‌వాడీకి రావాలి. పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఎప్పుడు వస్తారో అంగన్‌వాడీ టీచరును అడగండి. ఆ రోజు కూలి పోయినా సరే, బిడ్డను మీరే ఎత్తుకుని వెళ్లండి. చేతి సంగతి వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.