తెరయు, గురువును

తొండుపల్లి చెంత సాగు బాహ్యవలయ రహదారిని పట్టి పోయినచో గచ్చిబౌలి వచ్చును. అచ్చట 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ, కేంద్రప్రభుత్వపు ‘వర్చువల్ ల్యాబ్స్’ పథకమున భాగస్వామి. ఆ పథకమువలన కళాశాల విద్యార్థులు రసాయన ప్రయోగములను కంప్యూటరు తెరమీదనే అభ్యసింపవచ్చును.

బ్యూరెట్టునుండి క్షారము బొట్టుబొట్టుగా ఆమ్లములో పడుచుండును. తుదకు ఒక్క బొట్టుతో, ఫినాఫ్తలీను కలిపిన ద్రవము లేతగులాబి రంగు దాల్చును. ఆ క్షణముననే ఆపవలెను. తెరమీద ఆ బొట్టు మించినను నష్టములేదు. నూరుమార్లు మరల చేయవచ్చును.

కాని ప్రయోగశాలలో గాఢ గంధకికామ్లమున నీరు పోసినచో, అది సలసల కాగి ముఖముపైకి చిందును. నీటిలోనే ఆమ్లమును మెల్లగా పోయవలెనని తెర చెప్పగలదు. పొరబడిన చేతిని పట్టి ఆపువాడు గురువే. కావున తెరపై క్రమము నేర్చి, గురుసన్నిధిని చేయి దిద్దుకొనుట మేలు.